ఊపిరితిత్తుల సిరలు మళ్ళీ సన్నబడ్డాయి: పది నెలల బాబుకు రెండో ఆపరేషన్ చేయించాలా?

కడప జిల్లా బద్వేలు ప్రాంతం నుంచి ఒక తల్లి ఏడు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, ఊరి పేరు రాయవద్దని కోరారు కనుక వాటిని వదిలి, ఉత్తరంలోని ముఖ్య విషయాలను మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. మేనత్త కొడుకునే పెళ్ళి చేసుకున్నారు. భర్త కువైట్‌లో ఒక ఇంట్లో కారు డ్రైవరుగా పనిచేస్తున్నారు. ఆమె అత్తమామలతో కలిసి ఉంటున్నారు. బాబు పుట్టిన మూడో రోజు నుంచే వేగంగా ఊపిరి తీస్తూ, పెదవులు నీలంగా మారుతుంటే బెంగళూరు తీసుకుపోయారు. ఊపిరితిత్తుల నుంచి గుండె ఎడమ పై గదికి రావలసిన నాలుగు సిరలూ వేరే చోట కలిశాయని అక్కడ చెప్పి, ఇరవై నాలుగో రోజున ఆపరేషన్ చేశారు. నాలుగో నెల వరకు బాబు బాగా పెరిగాడు. ఐదో నెల నుంచి పాలు తాగేటప్పుడు తలకు చెమటలు పట్టడం, డొక్కలు ఎగరడం మొదలైంది. స్థానికంగా రెండుసార్లు నెమ్ము అని చేర్చుకొని వైద్యం చేశారు. మూడోసారి చూసిన వైద్యుడు ఛాతీ మీద పాత కుట్ల మచ్చ చూసి, గుండె స్కాన్ తీయించి, వెంటనే బెంగళూరు వెళ్ళమన్నారు. సీటీ స్కాన్‌లో ఎడమ ఊపిరితిత్తి సిరలు రెండూ గుండెతో కలిసే చోట బాగా సన్నబడ్డాయని, కుడివైపు పై సిర కొద్దిగా సన్నబడిందని, కుడివైపు కింది సిర బాగుందని తేలింది. పది నెలల బాబు ఇప్పుడు ఐదు కిలోల ఎనిమిది వందల గ్రాములే ఉన్నాడు. శస్త్రవైద్యుడు రెండో ఆపరేషన్ చేయాలంటున్నారు. రెండో అభిప్రాయం కోసం కలిసిన మరో వైద్యుడు ముందు బెలూన్‌తో వెడల్పు చేసి చూద్దామంటున్నారు.

ఇంట్లో పెత్తనం మామగారిది. "ఒకసారి కోసినారు, ఇంకెన్ని సార్లు కోస్తారు ఆ పసిబిడ్డను, దేవుడి మీద భారం వేయండి" అని ఆయన అంటున్నారట. మొదటి ఆపరేషన్‌కు ప్రయాణాలు, మందులు, బెంగళూరులో అద్దె గది కలిపి చేసిన మూడు లక్షల అప్పు రెండు రూపాయల వడ్డీతో ఇంకా అలాగే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఆరో నెలలో గ్రహణం పూట ఆమె కూరగాయలు తరిగిందని, అందుకే బిడ్డకు ఈ గతి పట్టిందని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారట. ఆపరేషన్ మంచిదా, బెలూన్ మంచిదా? ఎన్నిసార్లు చేసినా ఇది మళ్ళీ వస్తుందా? మామ మాట కాదని నేను సంతకం పెట్టవచ్చా? ఇదంతా నా తప్పేనా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీరు చివర అడిగిన ప్రశ్నకే ముందు సమాధానం చెబుతాను, ఎందుకంటే ఆ బరువు మనసు మీద ఉండగా మిగతా విషయాలు మీరు నిదానంగా ఆలోచించలేరు. బిడ్డ గుండె కడుపులో మొదటి రెండు నెలలలోనే రూపు దిద్దుకుంటుంది. ఊపిరితిత్తుల సిరలు గుండె ఎడమ పై గదికి వచ్చి కలవడం కూడా ఆ కాలంలోనే జరగాలి. మీ బాబుకు అది జరగలేదు. మీరు కత్తిపీట ముందు కూర్చున్న ఆరో నెల నాటికి ఆ నిర్మాణం ముగిసి ఎన్నో వారాలైంది. గ్రహణానికీ కూరగాయలకూ దీనితో ఏ సంబంధమూ లేదు. మేనరికం వల్లనా అని కూడా మీరు అడిగారు. దగ్గరి రక్త సంబంధపు పెళ్ళిళ్ళలో పుట్టుకతో వచ్చే గుండె లోపాలు కొంత ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజం. కానీ ఆ పెళ్ళిళ్ళలో పుట్టిన పిల్లలలో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు, మేనరికం కాని ఇళ్ళలోనూ ఈ లోపంతో పిల్లలు పుడుతూనే ఉంటారు. పైగా ఆ పెళ్ళి మీరొక్కరే నిశ్చయించుకున్నది కాదు, మీ అత్తగారూ కలిసి చేసిందే. ఈ మాట ఆమెతో వాదించడానికి చెప్పడం లేదు, మీరు రాత్రిళ్ళు నిద్ర పోవడానికి చెబుతున్నాను.

నెమ్ము అనుకొని రెండు నెలలు పోగొట్టానని కూడా రాశారు. మీరు బిడ్డను రెండుసార్లూ ఆసుపత్రికి తీసుకుపోయారు, చేయవలసింది అదే. ఈ జబ్బు నెమ్ములాగా కనిపించడం అరుదేమీ కాదు: అదే ఎగశ్వాస, అదే దగ్గు, ఎక్స్‌రేలో అదే తెల్లదనం. నేను పిల్లల వైద్యురాలిని, గుండె శస్త్రవైద్యురాలిని కాను. చాలా ఏళ్ళ కిందట ఇలాంటి ఒక పాపకు నేను కూడా వారం పైగా నెమ్ము మందులే ఇచ్చి, ఆ తరువాతే గుండె స్కాన్‌కు పంపాను. అప్పటి నుంచి గుండె ఆపరేషన్ అయిన పసిబిడ్డ ఆయాసంతో వస్తే ముందు స్కాన్ సంగతే అడుగుతున్నాను.

ఇప్పుడు జబ్బు సంగతి. మన దగ్గర వీటిని నరాలు అంటారు, మీరు కూడా అలాగే రాశారు. నిజానికి ఇవి రక్తం మోసే సిరలు. మామూలుగా కుడి ఊపిరితిత్తి నుంచి రెండు, ఎడమ ఊపిరితిత్తి నుంచి రెండు సిరలు ప్రాణవాయువు నిండిన రక్తాన్ని గుండె ఎడమ పై గదికి తెస్తాయి. మడిలో నీరు బయటికి పోయే మడవ పూడిపోతే మడి అంతా నీరు నిలిచినట్లు, ఈ సిర సన్నబడితే దాని వెనుక ఉన్న ఊపిరితిత్తి భాగంలో రక్తం నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. నీరు ఊపిరితిత్తిలోకి ఊరుతుంది. బిడ్డ ఊపిరి కోసం కష్టపడతాడు, తాగిన పాలు ఆ కష్టానికే ఖర్చయిపోయి ఒంటికి పట్టవు. ఆ ఒత్తిడి ఇంకా వెనక్కి, ఊపిరితిత్తులకు రక్తం పంపే ధమనులలోకి, అక్కడి నుంచి గుండె కుడి భాగం మీదికి పాకుతుంది. మీ బాబు బరువు పెరగకపోవడానికి కారణం మీ పాలు కాదు, ఇదీ.

బెంగళూరులో మొదట చేసిన ఆపరేషన్‌లో సిరలు కలిసే ఉమ్మడి నాళాన్ని గుండె ఎడమ పై గదికి కుట్టారు. బిడ్డ ప్రాణం నిలబెట్టింది అదే. అయితే ఈ ఆపరేషన్ చేయించుకున్న పిల్లలలో నూటికి సుమారు పది, పదిహేను మందికి ఆ తరువాత సిరలు సన్నబడతాయి. చాలామందిలో ఇది మొదటి ఏడాది లోపలే, తరచుగా మొదటి ఆరు నెలలలోనే బయటపడుతుంది. దానర్థం మొదటి శస్త్రవైద్యుడు తప్పు చేశాడని కాదు. కొందరు పిల్లలలో కుట్టు వేసిన చోట మచ్చ గట్టిపడి బిగుసుకుంటుంది. మరికొందరిలో సిర లోపలి పొరలో కండర కణాల వంటి కణాలు పెరిగి, లోపలి నుంచే దారిని మూసుకుంటూ ఊపిరితిత్తి వైపు పాకుతాయి. మొదటి రకం ఒక చోట పడిన ముడి. రెండోది పాకే జబ్బు. మీ వైద్యులు ఇద్దరూ వేర్వేరు మాటలు చెప్పడానికి సగం కారణం ఈ తేడాలోనే ఉంది కాబట్టి, దీన్ని బాగా గుర్తు పెట్టుకోండి.

శస్త్రవైద్యుడు చెప్పిన ఆపరేషన్ గురించి మీకు అర్థం కాలేదని రాశారు. "కుట్టు లేకుండా కుడతారట, అదెట్లా" అన్న మీ సందేహం సరైనదే. మునుపు సన్నబడిన చోట కోసి, అతుకు వేసి వెడల్పు చేసేవారు. కానీ ఏ అంచు మీద కుట్టు పడిందో ఆ అంచులోనే మళ్ళీ మచ్చ పెరిగి దారి మూసుకుపోయేది. 1990 దశకంలో ఫ్రాన్స్‌లోనూ, కెనడాలోని టొరాంటోలోనూ పిల్లల గుండె శస్త్రవైద్యులు వేరే మార్గం పట్టారు. 1996లోనూ 1998లోనూ వారు దాన్ని వైద్య పత్రికలలో ప్రకటించారు. సన్నబడిన భాగాన్ని, మచ్చను తీసేసి, సిరను ఊపిరితిత్తి వైపు మంచి భాగం వచ్చేదాకా చీల్చి తెరిచి ఉంచుతారు. ఆ సిర అంచును కుట్టనే కుట్టరు. గుండె గది గోడను తెచ్చి, సిరల చుట్టూ గుండెను కప్పి ఉండే పొరకు కుడతారు. సిర నుంచి వచ్చిన రక్తం ఆ పొర లోపలి చిన్న కుహరంలో పడి, అక్కడి నుంచి గుండెలోకి పోతుంది. రక్తం ఛాతీలోకి కారిపోదా అని మీకు భయం కలగవచ్చు. మొదటి ఆపరేషన్ వల్ల ఆ ప్రాంతంలో పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, ఆ అతుకులే రక్తాన్ని ఆపుతాయి. కుట్టు లేకుండా అంటే సిర అంచుకు కుట్టు తగలకుండా అని అర్థం చేసుకోండి.

ఇది చిన్న ఆపరేషన్ అని నేను చెప్పను. పాత కోత మీదనే మళ్ళీ ఛాతీ ఎముక తెరవాలి, అతుక్కున్న పొరలను విడదీస్తున్నప్పుడు రక్తస్రావం కావచ్చు, గుండెను ఆపి యంత్రం మీద రక్తం నడపాలి. ఊపిరి కండరాన్ని కదిలించే నరం (ఇది సిర కాదు, నిజమైన నరమే) ఆ పొర మీదుగానే పోతుంది, దానికి దెబ్బ తగలకుండా చూసుకోవాలి. ఆ తరువాత కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు ఐసీయూలో ఉండాలి. అయినా పాత పద్ధతులతో పోలిస్తే ఈ పద్ధతిలో సిరలు మళ్ళీ మూసుకోవడం తగ్గింది. తగ్గింది అంటున్నాను, పోయింది అనడం లేదు. కుట్టు దగ్గరి మచ్చకు ఇది మంచి జవాబు. సిర లోపల పాకే జబ్బు మొదలై ఉంటే, శస్త్రవైద్యుడి కత్తి అందని చోట, ఊపిరితిత్తి లోపల, అది మళ్ళీ తలెత్తవచ్చు.

బెలూన్ విషయం వేరు. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, సన్నబడిన చోట బుడగను ఉబ్బించి వెడల్పు చేస్తారు. ఛాతీ కోయనక్కరలేదు, బిడ్డ కొద్ది రోజులలో ఇంటికి రావచ్చు. మీ మామగారికి ఇది నచ్చడం సహజం. కానీ పసిపిల్లలలో ఈ సిరలు బెలూన్‌తో తెరిచిన తరువాత కొన్ని వారాలకో నెలలకో మళ్ళీ బిగుసుకోవడం చాలా తరచుగా జరుగుతుంది. స్టెంట్, అంటే సిరను తెరిచి ఉంచే సన్నటి జాలి గొట్టం, పెడితే కొంత కాలం నిలుస్తుంది, అయితే ఐదు కిలోల బిడ్డ సిరలో పట్టేది చిన్న స్టెంట్. బిడ్డ పెరుగుతాడు, స్టెంట్ తనంతట తాను పెరగదు, దాని లోపల కూడా కణాలు పెరిగి మూసుకోవచ్చు. మరి ఆ రెండో వైద్యుడు ఎందుకు అలా చెప్పారు? ఆయనకు తగిన కారణం ఉండి ఉండవచ్చు. బిడ్డ మరీ నీరసంగా ఉన్నప్పుడు, ఊపిరితిత్తులలో ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు, కొన్ని వారాలు బలం పుంజుకోనివ్వడానికి బెలూన్‌ను వంతెనగా వాడతారు. ఆపరేషన్ అయిన తరువాత మళ్ళీ కొద్దిగా బిగుసుకున్నప్పుడూ ఇదే వాడతారు. ఆయన దీన్ని వంతెన అంటున్నారా, పూర్తి చికిత్స అంటున్నారా అన్నది మీరు అడిగి తెలుసుకోవాలి. మీ ఉత్తరం చదివితే ఆయన ఆ మాట చెప్పారో లేదో నాకు తెలియలేదు.

మందులతో తగ్గదా అని మీ భర్త ఫోనులో అడిగారని రాశారు. నీరు తగ్గించే మందులు ఆయాసాన్ని తేలిక చేస్తాయి, సిరను తెరవలేవు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే సిరోలిమస్ అనే మందును ఈ కణాల పెరుగుదలను నెమ్మదింపజేయడానికి కొన్ని పెద్ద కేంద్రాలలో ఆపరేషన్‌తోనో బెలూన్‌తోనో కలిపి వాడుతున్నారు. రక్త క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్‌ను కూడా ఇలా ప్రయత్నించారు. ఇవి రోగనిరోధక శక్తి మీద ప్రభావం చూపే మందులు, రక్తంలో మోతాదు పరీక్షిస్తూ, అనుభవం ఉన్న వైద్యుల చేతి కిందనే ఇవ్వవలసినవి. ఇవి ఆపరేషన్‌కు తోడుగా నిలిచే మందులు, దాని స్థానాన్ని తీసుకునేవి కావు. ఇంకొక హెచ్చరిక కూడా చేయాలి. ఊపిరితిత్తుల ఒత్తిడికి సిల్డెనాఫిల్ మంచిదని ఎవరైనా చెబితే, మీ గుండె వైద్యుడిని అడగకుండా మెడికల్ షాపులో కొని వేయకండి. బయటికి పోయే దారి మూసుకొని ఉండగా లోపలికి వచ్చే రక్తాన్ని పెంచితే ఊపిరితిత్తిలో నీరు ఇంకా ఎక్కువ కావచ్చు.

ఏమీ చేయకుండా దేవుడి మీద భారం వేయడమన్నది కూడా ఒక నిర్ణయమే, దాని ఫలితం కూడా నేను దాచకుండా చెప్పాలి. ఎడమ సిరలు రెండూ పూర్తిగా మూసుకుంటే ఆ ఊపిరితిత్తికి రక్తం రావడం తగ్గిపోయి, అది పనిచేయడం దాదాపు ఆపేస్తుంది. పూర్తిగా మూసుకుపోయిన సిరను తరువాత తెరవడం చాలా కష్టం. అప్పుడు కుడి ఊపిరితిత్తి ఒక్కటే మొత్తం పని మోయాలి. ఒక ఊపిరితిత్తితో బతికే పిల్లలు ఉన్నారు, కానీ ఆ ఒక్కటీ బాగుండాలి. మీ బాబు కుడి పై సిర అప్పటికే కొద్దిగా సన్నబడిందని స్కాన్ చెబుతోంది. నన్ను కలవరపెట్టినది మీ ఉత్తరంలోని ఆ ఒక్క వాక్యమే. రెండు సిరలకు, అదీ ఒకే వైపు, పరిమితమైన జబ్బు చాలా వరకు చికిత్సకు లొంగుతుంది. మూడు, నాలుగు సిరలకు, రెండు వైపులకూ పాకితే ఫలితాలు బాగా తగ్గుతాయి. అందుకే మీ ముందున్న అసలు ప్రశ్న ఆపరేషనా, బెలూనా అన్నది కాదని నాకు అనిపిస్తోంది. ఎన్ని సిరలు, ఎంత దూరం, ఎంత వేగంగా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు రెండు విషయాల నుంచి వస్తుంది. ఆ సీటీ స్కాన్ ఎప్పటిదో మీరు రాయలేదు. అది నెల దాటి ఉంటే, ఈ వయసులో ఈ జబ్బు వేగాన్ని బట్టి దాన్ని పాతదిగానే చూడాలి. కొత్తగా గుండె స్కాన్ తీయించి కుడి పై సిర మారిందా అని చూడమనండి. ఇక సన్నబడింది కలిసే చోట మాత్రమేనా, ఊపిరితిత్తి లోపలి వైపు కూడా సిర సన్నగా ఉందా అన్నది సీటీ బొమ్మలోనో, గొట్టం పంపి చేసే కాథ్ పరీక్షలోనో తెలుస్తుంది. కలిసే చోట మాత్రమే ఉండి, లోపలి సిర వెడల్పుగా ఉంటే, నా అభిప్రాయం శస్త్రవైద్యుడి మాట వైపే మొగ్గుతుంది, అదీ ఆలస్యం చేయకుండా. లోపలి సిరలు కూడా దారంలా ఉన్నాయని తేలితే, ఆపరేషన్ చేసినా దాని తరువాత మళ్ళీ మళ్ళీ బెలూన్‌లు, మందులు అవసరమవుతాయి. అప్పుడు మీరు ఎంత దూరం వెళ్ళాలో ముందుగానే, ఆపరేషన్ గది ముందు నిలబడి ఏడుస్తూ కాకుండా, ఇంట్లో కూర్చొని నిర్ణయించుకోవాలి. ఊపిరితిత్తుల మార్పిడి గురించి ఎవరో చెప్పారని రాశారు. పసిబిడ్డలకు అది ప్రపంచంలోనే చాలా కొద్ది చోట్ల చేస్తారు. దాని మీద ఆశ పెట్టుకొని ఇప్పటి అవకాశాన్ని జారవిడవకండి.

అన్ని వైపులా సిరలు మూసుకుపోతున్నాయని, ఎన్నిసార్లు తెరిచినా నిలవడం లేదని వైద్యులే చెప్పే స్థితి వస్తే, ఇక కోయవద్దు, బాధ లేకుండా చూద్దాం అని తల్లిదండ్రులు నిర్ణయించుకోవడంలో ప్రేమ తక్కువేమీ లేదు. మీ మామగారి మాట వెనుక అలాంటి కరుణే ఉండి ఉండవచ్చు. కానీ ఆ మాటకు ఒక సమయం ఉంటుంది. ఒక వైపు సిరలు మాత్రమే బాగా సన్నబడి ఉన్న ఈ రోజు ఆ సమయమని నేను అనుకోవడం లేదు.

ఇక మామగారిని ఎలా ఒప్పించాలి? వాదనతో ఒప్పించలేరని మీ ఉత్తరమే చెబుతోంది. "ఎన్నిసార్లు కోస్తారు" అన్న ప్రశ్నకు సమాధానం ఆయనకు మీ నోటి నుంచి కాక శస్త్రవైద్యుడి నోటి నుంచి రావాలి. వచ్చేసారి ఆయనను వెంట తీసుకుపోండి. వైద్యుడిని ఒక కాగితం మీద నాలుగు సిరల బొమ్మ గీసి, ఏవి మూసుకున్నాయో, ఏవి తెరిచి ఉన్నాయో ఆయనకు చూపించమని అడగండి. పొలానికి నీళ్ళు కట్టిన మనిషికి మడవ సంగతి వేరే చెప్పనక్కరలేదు. దర్గాకో, దేవుని కడపకో మొక్కుకుంటే మొక్కుకోనివ్వండి, ఆపరేషన్ తేదీ మాత్రం మొక్కు తీరేదాకా వాయిదా పడకూడదు. ఆ ఒక్క షరతు మీద ఇంట్లో శాంతి నిలబడితే అదే చాలు.

సంతకం విషయం. బిడ్డకు తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేస్తే సాధారణంగా ఆసుపత్రికి సరిపోతుంది. తాత ఒప్పుకోవాలన్న నిబంధన లేదు. మీరు సంతకం పెట్టవచ్చు. కానీ మీరొక్కరే పెట్టి, తరువాత ఏదైనా జరిగితే, ఆ ఇంట్లో మీ మీద పడే మాటలు ఎలాంటివో నాకు తెలుసు, మీకు ఇంకా బాగా తెలుసు. అందుకే సంతకం మీదే అయినా నిర్ణయం మీ ఇద్దరిదీ అని అందరికీ తెలిసేలా చేయండి. మీ భర్త "నాన్న ఏమంటే అది" అని తప్పుకోవడం నన్ను బాధపెట్టింది. ఆయన దూరంగా ఉండి భయపడుతున్నారని అర్థమవుతోంది. కానీ ఈ బిడ్డకు తండ్రి ఆయనే. సెలవు దొరికితే రావాలి, దొరకకపోతే ఫోనులోనైనా వైద్యుడి మాట తానే వినాలి. ఆయన ఎట్టి పరిస్థితిలోనూ ముందుకు రాకపోతే, మీ పుట్టింటివారిలో ఒకరిని తోడు తీసుకొని మీరు సంతకం చేయడం తప్పు కాదు. దాని వల్ల ఇంట్లో కొంత కాలం మాటలు పడవలసి రావచ్చు. చేయకపోతే ఏమవుతుందో పైన చెప్పాను. ఈ రెండింటినీ తూచుకోవలసింది మీరే.

డబ్బు గురించి కొంత. రెండు రూపాయల వడ్డీకి మళ్ళీ అప్పు చేసే ముందు, మీ బియ్యం కార్డు, బాబు ఆధార్, పాత డిశ్చార్జి కాగితాలు పట్టుకొని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్‌టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల ఆపరేషన్లు ఉన్నాయి. మీరు వెళ్ళే ఆసుపత్రి, ఈ ప్రత్యేకమైన ఆపరేషన్ రెండూ అందులోకి వస్తాయా అన్నది ఆయనే చూసి చెప్పాలి, 104కు ఫోను చేసినా చెబుతారు. పథకంలోకి రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధికి మీ శాసనసభ్యుడి కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టవచ్చు. తిరుపతిలో దేవస్థానం వారు 2021లో ప్రారంభించిన పిల్లల గుండె ఆసుపత్రి మీకు బెంగళూరు కన్నా దగ్గర. పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తున్న ఆసుపత్రి ఉంది. అయితే ఒక్క మాట: ఈ ఆపరేషన్‌కు దగ్గరదనం, ఉచితం అన్నవాటి కన్నా, అక్కడి శస్త్రవైద్యులు ఈ రెండోసారి సిరల ఆపరేషన్ ఎన్నిసార్లు చేశారు, వారిలో ఎందరు పిల్లలు ఏడాది తరువాత బాగున్నారు అన్నదే ముఖ్యం. ఆ ప్రశ్న నేరుగా అడగండి. మంచి శస్త్రవైద్యుడు దానికి నొచ్చుకోడు. బాబు మొదటి ఆపరేషన్ వివరాలు తెలిసిన పాత ఆసుపత్రికే వెళ్ళడంలో కూడా లాభం ఉంది. ఎక్కడికి వెళ్ళినా ఆ ఆపరేషన్ నోట్సు, సీటీ బొమ్మలున్న సీడీ మీ సంచిలో ఉండాలి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.

ఆపరేషన్ తేదీ వచ్చేదాకా ఇంట్లో చేయవలసింది కూడా ఉంది. ఒకేసారి కడుపు నిండా పట్టించాలని చూడకుండా, కొద్దికొద్దిగా, రెండు గంటలకు ఒకసారి పాలు ఇవ్వండి. చనుపాలు తాగుతూ అలసిపోతే, ఆ పాలను చేత్తో పిండి, గిన్నెలోకి తీసి, చెంచాతో పట్టించండి. రాగి జావలో కాస్త నెయ్యి కలిపితే కొద్ది పరిమాణంలోనే బలం అందుతుంది. నీరు తగ్గే మందు వేళ తప్పించకండి. టీకాలు ఏవి బాకీ ఉన్నాయో పిల్లల వైద్యుడికి చూపి వేయించండి. సిరోలిమస్ మొదలు పెడితే కొన్ని టీకాల విషయంలో మళ్ళీ అడగవలసి ఉంటుంది. ఇంట్లో జలుబు చేసినవాళ్ళు బాబును ఎత్తుకోకూడదు, అది తాతగారైనా సరే. పాలు పూర్తిగా మానేసినా, పడుకున్నప్పుడు కూడా డొక్కలు లోపలికి పోతూ మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా, నోటి నుంచి రక్తం పడినా, తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోను చేయండి. కడప సర్వజన ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టించి, అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి పంపమనండి. అక్కడి వైద్యులతో మొదటి మాటగా "సిరల ఆపరేషన్ అయిన బిడ్డ, సిరలు మళ్ళీ సన్నబడ్డాయి" అని చెప్పండి. లేకపోతే మూడోసారి కూడా నెమ్ము వైద్యమే మొదలవుతుంది.

ఎన్నిసార్లు చేసినా మళ్ళీ వస్తుందా అని అడిగారు. రావచ్చు. ఆపరేషన్ బాగా జరిగినా మొదటి ఏడాది ప్రతి కొన్ని వారాలకూ గుండె స్కాన్ చేయించాలి, మధ్యలో ఒకటో రెండో బెలూన్‌లు అవసరం పడవచ్చు. మొదటి ఏడాది, ఏడాదిన్నర దాటి సిరలు తెరిచే ఉంటే నమ్మకం బాగా పెరుగుతుంది. ఇవన్నీ ముందే తెలిసి ఉంటే, మళ్ళీ బిగుసుకుందన్న మాట విన్న రోజు ఆపరేషన్ విఫలమైందని మీ ఇంట్లో ఎవరూ చేతులెత్తేయరు. అందుకే ఆపరేషన్‌కు ఒప్పుకునే రోజే, మళ్ళీ బిగుసుకుంటే తరువాతి అడుగు ఏమిటని శస్త్రవైద్యుడిని, కాథ్ చేసే వైద్యుడిని ఇద్దరినీ కలిపి అడగండి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చొని మీ బాబు బొమ్మలు చూస్తే, మీకిప్పుడు కనిపిస్తున్న ఆపరేషన్, బెలూన్ అన్న తగాదా చాలా వరకు తీరిపోతుంది.

మీ భర్తకు శుక్రవారం సెలవని రాశారు. ఆ రోజు మధ్యాహ్నానికి ఆసుపత్రిలో సమయం తీసుకోండి. ఈ వారం కొత్త స్కాన్ తీయించుకొని, మామగారిని వెంటబెట్టుకొని వెళ్ళండి. వైద్యుడు బొమ్మ గీస్తున్నప్పుడు వీడియో కాల్‌లో మీ ఆయన కూడా ఉండాలి. కుడి పై సిర గురించి కొత్త స్కాన్ ఏం చెప్పిందో, వీలైతే నాకు మళ్ళీ రాయండి.